ఇరువురి దారుల నడుమ ఇల్లు



కడచిన నెలలో ఊరగాయలను గూర్చి నేను వ్రాసిన దానికి వచ్చిన ఉత్తరములలో ఒకటి మాత్రము ఊరగాయలకు సంబంధించినది కాదు. ఒక సోదరి యిట్లడిగినది: "నా భర్తకు ఉద్యోగము ఒక దిక్కున, నాకు మఱియొక దిక్కున. ఇద్దరమును ఉదయమున ఒకే గుమ్మము దిగి చెరియొక వైపు పోవుచున్నాము. కాపుర మెక్కడ పెట్టుకొనవలెనో మీ రేమైన చెప్పగలరా?" ఆ యుత్తరము చదువుచు, క్రింది సంతకము చూచువరకును, మా చెల్లెలే వ్రాసినదేమో యనుకొంటిని.

ఉద్యోగమునకు పోని నేను ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమిచ్చుట సాహసమే. మావారు తొమ్మిది కిలోమీటర్ల దూరముననున్న పాఠశాలకు మోటారుసైకిలుపై పోయి, దీపము పెట్టువేళకు ముందే ఇల్లు చేరుదురు. నాకు దారి యనగా పెరటినుండి వీధిగుమ్మము వరకే. అయినను మొన్న కార్తికమాసమున మా చెల్లెలి యింట పండ్రెండు దినములుండి, అచ్చట చూచినదానిని ఒక చిన్న పుస్తకములో వ్రాసికొంటిని. ఆ పుస్తకమే నాకు ఆధారము.

మా చెల్లెలు ఏలూరులో ఒక కార్యాలయమున గుమాస్తా. మరిదికి గుంటూరులో పని. విజయవాడకు ఏలూరు సుమారు 60 కిలోమీటర్లు, గుంటూరు సుమారు 35. పెండ్లియైన నాటినుండి వారి కాపురము విజయవాడలోనే, భవానీపురమున. ఏల యని యడిగిన, "మధ్య ఊరు గదా" యందురు. బంధువులందరును అట్లే యందురు. మావారు గణితము చెప్పు ఉపాధ్యాయులగుటచేత, రేఖకు మధ్యబిందువున నిలిచినవారికి ఇరువైపులను సమానమే యని వారును తల యూచిరి.

నేను గణితము నేర్చినదానను కాను. మా నాయనగారు ఇంటివద్ద రామాయణమును, ప్రబంధములను చెప్పిరే గాని లెక్కలు చెప్పలేదు. అయినను కూడికలు తెలియును. అఱువదియు ముప్పదియైదును కూడిన తొంబదియైదు. అందు సగము నలువదియేడున్నర. అనగా మధ్యబిందువు విజయవాడ కాదు. విజయవాడ విడిచి ఏలూరువైపు పండ్రెండున్నర కిలోమీటర్లు పోయినచోట నున్నది. ఈ మాట చెప్పినప్పుడు మావారు కాగితము తీసికొని మఱల కూడి, కొంతసేపు మాటాడలేదు. పేరుగల పెద్ద ఊరు నడుమ నున్నదని దానినే సగ మనుకొంటిరి. భవానీపుర మన్ననో ఆ ఊరికి పడమటి కొస. మా చెల్లెలు ఏలూరు బస్సెక్కి నగరమంతయు దాటి రామవరప్పాడు చేరునప్పటికే ముప్పావుగంట గడచును. మరిదికి ఆ బాధ లేదు. బస్సుస్టాండు చేరిన, వారధి దాటుటయే.

దూరమును కిలోమీటర్లలో కొలుచుట మొదటి పొరపాటు. రైలు ఏలూరునుండి గంటలో వచ్చు ననెదరు. విజయవాడ పొలిమేరలోనికి వచ్చి, సిగ్నలు కొఱకు నిలిచిన రైలులో నిలుచుండినవారి నడుగుడు, ఆ గంట యెంత పొడవో! నా పుస్తకములో గుమ్మమునుండి గుమ్మమునకు లెక్క వ్రాసితిని. మా చెల్లెలికి ఒక్కొక్కవైపు 2 గంటల 10 నిమిషములు. మరిదికి 1 గంట 25 నిమిషములు. ఆమె 4.30 గంటలకు లేచి, వంటచేసి, మూడు డబ్బాలు కట్టి, 7.40కి ఇల్లు విడుచును. రాత్రి 7.20కి వచ్చును. మరిది 6.40కే వచ్చి, స్నానము చేసి, పిల్లవానిని క్రింది అంతస్తులోని పిన్నిగారి యింటినుండి తీసికొనివచ్చి, ఫోను చూచుచు కూర్చుండును. చెడ్డవాడు కాడు. భార్యపై గొంతెత్తి మాటాడుట నే నెఱుగను. పొయ్యి వెలిగింపవచ్చునని ఆయనకు తోచలేదు, అంతే. తోచకుండుటలో మా తల్లుల పెంపకము పాలు కొంత కలదు.

ఇది ఒక్క యింటి సంగతి కాదు. 2019వ సంవత్సరమున కేంద్రప్రభుత్వపు గణాంకశాఖవారు దేశమందలి జనులు దినమునెట్లు వెచ్చింతురో పరిశీలించిరి. జీతము లేని ఇంటిపనికి, ఆ పని చేయు స్త్రీలు దినమునకు 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును అప్పుడు వెచ్చించుచుండిరట. అట్లు ఇంటిపనిలో చేయిపెట్టిన పురుషులైనను నూటికి 26 మంది మాత్రమే. కనుక దారి ఇద్దరికి సమముగా పంచినను, దారికి ఇరుకొసల నున్న పని సమము కాదు. ఆమె బస్సు దిగి మఱియొక కొలువునకు చేరుచున్నది.

ఇక అసలు చిక్కునకు వత్తును. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు ఐదు తరగతుల బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియే కలదు. ఇది గొప్ప మేలు. చేతిలో రొక్కము లేక పుట్టింటికి పోలేని యిల్లాండ్రు ఎందఱో నేడు పోవుచున్నారు. ఆ మేలును నేను తక్కువ చేయను. అయితే మా చెల్లెలి యింట ఆ మేలు వేఱొక రూపము దాల్చినది. ఒకనాటి రాత్రి భోజనములయొద్ద మరిది యిట్లనెను: "వదినా, ఇప్పుడు తన చార్జీ మాకు లేదు. నా చార్జీ మాత్రమే ఖర్చు. మేము గుంటూరుకే మారితే ఆ ఖర్చూ మిగులుతుంది. పిల్లవాడికి ఒకరైనా దగ్గర ఉంటారు."

ఈ మాటలో న్యాయము లేకపోలేదు. ఇద్దరును దూరముననుండుటకంటె ఒక్కరైన బిడ్డకు చేరువ నుండుట మేలు కాదా? పెద్దలందరును మెచ్చుకొనిరి. నేను వ్రేళ్ళపై లెక్కించితిని: గుంటూరునుండి ఏలూరునకు పోవుటకు మూడుగంటలకు తక్కువ కాదు, వచ్చుటకు మూడుగంటలు. దినమున కాఱుగంటలు బస్సులో! టిక్కెట్టు లేదు గనుక ఆ గంటలకును వెల లేదని అందరును తలచిరి. అప్పుడు నేను మెల్లగా, "బిడ్డకు ఒకరు చేరువనుండవలసినదే. అట్లయిన మీరందఱు ఏలూరునకే మారరాదా? తల్లి కార్యాలయమునకు నడచిపోవును" అంటిని. అందరును నవ్విరి. నేను పరిహాసమాడితి ననుకొనిరి. మరిది సీజను టిక్కెట్టు కొని మూడుగంటలు పోవలయునను మాట వారికి వేడుకగా వినబడినది. ఆ మూడుగంటలే మా చెల్లెలివైనప్పుడు ఎవ్వరును నవ్వలేదు. చెల్లెలు కూడ నవ్వినదే, అది నాకు మఱింత బాధ కలిగించినది.

ఆ మఱునాటి సంగతియే నన్ను ఈ వ్యాసము వ్రాయించుచున్నది. పదునొకండున్నర గంటలకు పాఠశాలనుండి పిల్లవానికి జ్వరమని ఫోను వచ్చినది, ఏలూరునకు, తల్లికి. తండ్రి పాతిక కిలోమీటర్లు చేరువనుండునని వారి పుస్తకములో లేదు కాబోలు. ఆమె నాకు చెప్పగా ఆటోలో పోయి పిల్లవానిని తెచ్చితిని. ఆమె అప్పుడే సెలవు పెట్టి బయలుదేరి, రెండు గంటలు దాటిన పిమ్మట ఇల్లు చేరినది. మరిది యథాప్రకారము 6.40కి వచ్చెను. "తను బయలుదేరింది గదా అని నేను రాలేదు, వదినా" అనెను. మా నాయనగారు మనుచరిత్రము చెప్పునప్పుడు, ప్రవరుని పాదలేపము మంచునకు కరగిపోయి ఇంటికి పోవు దారి తెలియక అతడు తిరుగుఘట్టమున నేను నవ్వెడిదానను. బస్సు పాసులును, సీజను టిక్కెట్లును ఆ పాదలేపము వంటివే. ఉదయమున ఎంత దూరమైనను చేర్చును. ఇంట బిడ్డ కలవరించు గడియకు కరగిపోవును. నేను లేని దినమున ఆ బిడ్డ నెవరు తెత్తురు? పిన్నిగారికి డెబ్బదియేండ్లు.

ఆ రాత్రి మరిదిని కూర్చుండబెట్టి, నా పుస్తకము చేతికిచ్చితిని. ఆయన చదువుకొన్నవాడు, అంకెలు చూచినంతనే ముఖము మాఱినది. రామాయణమునందు పంచవటిలో కుటీరమునకు చోటు వెదకునప్పుడు రాముడు లక్ష్మణునితో చెప్పిన మాట నాకు చిన్ననాటినుండి ఇష్టము. ఎచ్చట సీతకు సుఖముగా నుండునో యని ముందనెను. తమ్ముని తరువాత, తన్ను కడపట చెప్పుకొనెను. నీరు దగ్గఱ, సమిధలు దగ్గఱ నుండవలెననియు నెంచెను. ఇల్లు వెదకు మగవారు ఈ క్రమము నెన్నడైన పాటింతురా యని యడిగితిని. "వెదకుదాం, వదినా" అని మాత్రమనెను.

ఆదివారమున మేము నలుగురము బయలుదేరితిమి. అద్దె తక్కువయని ఎవరో అజిత్‌సింగ్‌నగరము చూపిరి. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి ఆ పేటలు నీటమునిగి, జనులు మేడలపై దినములు గడపుట మనము మఱచిపోలేదు. దారి చూచునప్పుడు పల్లము కూడ చూడవలెను. అది వలదంటిని. నిడమానూరు బాగుగనే యున్నది గాని, పిల్లవాని పాఠశాలకు మఱింత దూరము. దంపతుల దారులు రెండే యని మనము లెక్కింతుము. బిడ్డ దారి మూడవది, ఆ బిడ్డ కాళ్ళు అన్నిటికంటె చిన్నవి. కడపట ఎనికేపాడులో, పెద్దరోడ్డునకు రెండు వీధుల లోపల, మేడక్రింది వాటా యొకటి కనబడినది. రెండు గదులు, వెలుతురు గల వంటయిల్లు, ఎదుట కరివేపచెట్టు. పాఠశాల బస్సు వీధి మొగకు వచ్చును. ఏలూరు బస్సులు ఆ రోడ్డుమీదనే పోవును. ప్రక్కవాటాలో ఇంటి యజమానురాలు, నలువదియేండ్లావిడ, పగలంతయు ఇంటనే యుండును. అద్దె మాత్రము భవానీపురముకంటె రెండువేలు ఎక్కువ. మిగులుచున్న బస్సు చార్జీ దీనికి పోవుననుకొనుడంటిని.

ఇల్లు కొనరాదా యని మా పిన్నత్తగారు అడిగిరి. ఇద్దఱికిని బదిలీలు గల ఉద్యోగములైనప్పుడు, ఇరువదియేండ్ల ఋణము తలకెత్తుకొని ఒకచోట పాతుకొనుట తెలివి కాదని నా తలంపు. ఉపాధ్యాయుల బదిలీలలో భార్యాభర్తలు చేరువనుండుటకు కొంత ప్రాధాన్య మిత్తురు. మావారి పాఠశాలలో అట్లు వచ్చినవారు కలరు. మీ శాఖలో అట్టి నియమ మున్నదేమో ముందు విచారించుకొనుడు. ఇంటియద్దె భత్యము మీరు పనిచేయు ఊరినిబట్టి వచ్చునే గాని కాపురమున్న ఊరినిబట్టి కాదు, దానికై ఊరు మార్చవలసిన పని లేదు.

ఉత్తరము వ్రాసిన సోదరీ, మీ ఊళ్ళు నాకు తెలియవు గనుక మీకు ఫలానిచోట ఉండుమని చెప్పలేను. ఒక వారము దినములు ఇద్దరును గుమ్మము దాటిన వేళ, చేరిన వేళ వ్రాయుడు. లేచిన వేళయు, పండుకొన్న వేళయు విడువక వ్రాయుడు. వ్రాసినది ఆయన చేతికిచ్చి, మీరు మాటాడక ఊరకుండుడు. బిడ్డకు జ్వరమైనచో ఎవరు పోవలెనో ఇప్పుడే నిశ్చయించుకొని, పాఠశాలవారికి ఆ పేరే ఇయ్యుడు. ఇంటికి ముందు చేరినవారు పొయ్యి వెలిగింపవలెననుట మా చెల్లెలి యింట కొత్తగా పెట్టుకొన్న నియమము. మరిది కుక్కరులో బియ్యమునకు నీ రెంత పోయవలెనో నాచేత ఒక కాగితముపై వ్రాయించుకొని గోడకు అంటించినాడు.

నేను తిరిగివచ్చిన పిదప, మరిది ఒక పనిదినమున ఉదయమే ఎనికేపాడు పోయి, అక్కడినుండి గుంటూరునకు ప్రయాణము చేసి చూచెనట. చెల్లెలును మఱునాడట్లే ఏలూరు పోయినది. నా పుస్తకము అక్కడనే విడిచి వచ్చితిని గనుక అందు తామే వ్రాసి, ఆ పుట ఫోటో తీసి పంపిరి. ఆమెకు 1 గంట 35 నిమిషములు. ఆయనకు 1 గంట 45 నిమిషములు. క్రింద మరిది దస్తూరిలో, "నాకు 20 ఎక్కువ, తనకు 35 తక్కువ. అడ్వాన్సు ఇచ్చినాము. పుష్యము పోయిన తరువాత మారుదుము" అని యున్నది.