దేవుడి పేరనా ఒక ఖాతా ఉండాలి

ఊళ్ళో పాత విగ్రహం దొంగతనానికి పోతే, "పోనీలెండి, ఏ విదేశీ మ్యూజియంలోనో మనకన్నా భద్రంగా ఉంచుతారు" అనే పెద్దమనుషులు మా కోలారు జిల్లాలో తరచు తగులుతుంటారు. ఈ మాట నాకు బొత్తిగా గిట్టదు. సొత్తు భద్రంగా ఉండటం వేరు, హక్కుదారు దగ్గర ఉండటం వేరు.

1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించాక, వియన్నాలో ఫెర్డినాండ్ బ్లాఖ్-బావర్ అనే యూదు వ్యాపారి ఇంట్లోని క్లిమ్ట్ చిత్రాలు పరాయిపాలయ్యాయి. దశాబ్దాలపాటు అక్కడి మ్యూజియంలో ఎంతో భద్రంగానే ఉన్నాయి! ఆయన సోదరుని కూతురు మరియా ఆల్ట్‌మన్ పట్టు విడవకుండా పోరాడి, 2006లో ఐదు చిత్రాలను రాబట్టింది. గెలిపించింది కన్నీళ్ళు కావు, ఫెర్డినాండ్ వీలునామా, పాత ఉత్తరాలు.

మన ప్రకాశం జిల్లా చందవరం సంగతీ అంతే. అక్కడి బౌద్ధ శిల్పఫలకం ఒకటి దొంగలపాలై, న్యూయార్కు వ్యాపారి ద్వారా 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. 2016లో వెనక్కి ఇచ్చారు. మనమీద జాలితోనా? కాదు. ఫలకం చందవరంలో ఉండగా తీసిన ఫొటో బయటపడింది కాబట్టి.

మా కోలారమ్మ గుడి, సోమేశ్వరాలయం, ఆవని రామలింగేశ్వరాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. మరి చెరువుకట్ట మీది వీరగల్లుకు, పొలం గెనిమ మీది నాగశిలకు దిక్కెవరు? 2001లో మూతపడేదాకా కేజీఎఫ్ బంగారానికి ఔన్సు ఔన్సుకూ లెక్క రాసిన జిల్లా ఇది. రాళ్ళకు మాత్రం చిట్టా లేదు.

"ఫొటోలు తీస్తే దొంగలకు దారి చూపినట్టే" అంటారు కొందరు. అయ్యా, దొంగకు దారి ముందే తెలుసు. వస్తువు ఆనవాలు తెలియనిది పోలీసులకే.

బ్యాంకులో ఒక్క ఉంగరం తాకట్టు పెట్టుకున్నా తూకం వేస్తాం, వివరం రాస్తాం, సంచికి సీలు వేస్తాం. వెయ్యేళ్ళ శిల్పానికి ఆపాటి మర్యాద దక్కవద్దా? నాలుగువైపులా ఫొటోలు, కొలతలు, ఊరి పేరు, తేదీ చాలు. విరిగిన ముక్కునూ పగులునూ తప్పక రాయాలి. రేపు సాక్ష్యం చెప్పేది ఆ పగులే. ఒక ప్రతి పంచాయతీలో, ఒకటి బడిలో, ఒకటి పురావస్తు శాఖలో ఉండాలి. రాతిమీది అక్షరం తెలుగైనా కన్నడమైనా సరే, మన జాబితాలో చేరాల్సిందే.

పోయాక పెట్టే అర్జీకన్నా ఉండగా రాసుకున్న ఒక్క పుట మేలు. మీ ఊరి పుట ఎవరు రాస్తున్నారు?