‘వాంట్’కు ముందు ‘కావాలె’

ఇంగ్లీషులో అడగడం మొదలుపెట్టిన పిల్లలకు ముందుగా దొరికే మాట ‘వాంట్’. అది ఇంగ్లీషు గడ్డ మీద పుట్టింది కాదు. 1200 ప్రాంతంలో స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ నుంచి వచ్చింది. అప్పుడు దాని అర్థం కొరత, లేకపోవడం. కోరుకోవడం అనే అర్థం 18వ శతాబ్దంలో గానీ బలపడలేదు. ‘ఫర్ వాంట్ ఆఫ్ టైమ్’లో ఆ పాత కొరత ఇంకా బతికే ఉంది.

జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా దప్పికైన పిల్లాడు ‘నాకు నీళ్లు గావాలె’ అంటాడు. ఆ వాక్యంలో కర్త నీళ్లు. పిల్లాడు ‘నాకు’ దగ్గర ఆగుతాడు. ‘ఐ వాంట్ వాటర్’లో మాత్రం వాడే కర్త. బడిలో క్రియారూపాల పట్టికను బట్టీ పట్టించే ముందు ఈ తేడా చెప్పి తీరాలి. మర్యాద సంగతీ అంతే. ‘జర నీళ్లియ్యుండ్రి’ అన్నప్పుడు గౌరవం క్రియలోనే ఇమిడి ఉంటుంది. ‘ఐ వాంట్’లో ఆ సౌకర్యం లేదు, ఆఫీసులో అది దబాయింపులా వినిపిస్తుంది. అక్కడ ‘వుడ్ లైక్’ అనాలి. ‘వాంట్’కు అందని కోరికలూ ఉన్నాయి. మేడారం జాతరలో జనం కోరిక తీరితే నిలువెత్తు బెల్లాన్ని ‘బంగారం’గా సమర్పిస్తారు. కోరికనూ బాకీనీ కలిపి మోసే ఆ ‘మొక్కు’ను ‘వాంట్’తో అనువదించడం కుదరదు.