ఒక్క ఖాళీ నేర్పే పాఠం

పైథాన్‌ వచ్చని చెప్పే విద్యార్థులు మన ఇంజినీరింగ్‌ కాలేజీల్లో కోకొల్లలు. పిప్‌తో ప్యాకేజీ ఇన్‌స్టాల్‌ చేయబోతే ‘జీసీసీ కమాండ్‌ విఫలమైంది’ అని ఎర్రర్‌ వచ్చిందనుకోండి. నెట్‌లో దొరికిన నాలుగు కమాండ్లు కాపీ కొట్టడం, పనిచేస్తే ఊపిరి పీల్చుకోవడం... అంతటితో సరి. ఎందుకు ఆగిందని అడిగేవారు తక్కువ. అసలు చదువు ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

మనం సాధారణంగా వాడే పైథాన్‌ సీ భాషలో రాసిన ప్రోగ్రామ్‌. లినక్స్‌లో దాన్ని ఏ కంపైలర్‌తో, ఏ ఆప్షన్లతో తయారుచేశారో ఆ వివరాలను తనలోనే దాచుకుంటుంది. తర్వాత సీ కోడ్‌ ఉన్న ప్యాకేజీని మన మెషీన్‌లో కంపైల్‌ చేయాల్సివస్తే మామూలుగా అదే కమాండ్‌ను పిలుస్తారు. వేరే కంపైలర్‌ కావాలంటే ‘సీసీ’ అనే ఎన్విరాన్‌మెంట్‌ వేరియబుల్‌లో చెప్పాలి.

చిక్కంతా ఇక్కడే. సీసీలో ‘జీసీసీ’ అని ఒక్క మాటే ఉంటే గొడవ లేదు. పని వేగంగా సాగాలని ‘సీక్యాష్‌ జీసీసీ’ అని రెండు మాటలు ఇస్తేనో? మొత్తాన్నీ ఒకే ప్రోగ్రామ్‌ పేరనుకుంటే అలాంటి ఫైలు ఎక్కడా దొరకదు. పోనీ, ఖాళీ కనిపించిన ప్రతిచోటా విడగొడదామా? పేరులో ఖాళీ ఉన్న ఫోల్డర్‌లో కంపైలర్‌ ఉంటే దాని పాత్‌ మధ్యలోనే తెగిపోతుంది. అలాగని మొత్తం వరుసను షెల్‌ చేతిలో పెట్టేస్తే మరీ ప్రమాదం. అందులో సెమికోలన్‌ దూరిందంటే తర్వాతి ముక్క వేరే కమాండ్‌గా నడిచిపోతుంది.

కొటేషన్‌ గుర్తులను లెక్కలోకి తీసుకుని షెల్‌ నియమాల ప్రకారం విడదీయాలి. ఆ ముక్కలను జాబితాగా నేరుగా ప్రోగ్రామ్‌కు అందించాలి. పైథాన్‌లో షెలెక్స్‌ మాడ్యూల్‌ ఉన్నది ఇలాంటి పనికే. అయితే విండోస్‌ పాత్‌లలోని బ్యాక్‌స్లాష్‌లను అది మామూలుగా మింగేస్తుంది. కాబట్టి మార్చేది రెండు మూడు లైన్లే అయినా, ఒంటి మాటకు, రెండు మాటలకు, ఖాళీ ఉన్న పాత్‌కు విడివిడిగా టెస్టులు రాయక తప్పదు.

ఇలాంటి పనికి మెరుపుండదు. రెజ్యూమేలో ‘ఏఐ ప్రాజెక్టు’ అన్నంత గొప్పగానూ కనిపించదు. కానీ భాషలు బతికేది ఈ చాకిరీ మీదే. ఏళ్ల తరబడి ప్యాకేజీల బిల్డ్‌కు ఆధారమైన డిస్ట్‌యుటిల్స్‌ను 2023లో వచ్చిన పైథాన్‌ 3.12 నుంచి తొలగించారు. ఆ బాధ్యత సెటప్‌టూల్స్‌ వంటి వాటి మీద పడింది. పైథాన్‌ కోడ్‌ 2017 నుంచి గిట్‌హబ్‌లోనే ఉంది. సవరణ పంపడానికి ర్యాంకు, కాలేజీ పేరు ఎవరూ అడగరు. బగ్‌ను మళ్లీ చూపించగలరా, కారణం చెప్పగలరా, టెస్టు రాశారా అన్నదే చూస్తారు.

కాలేజీలు కూడా ల్యాబ్‌ను ప్రోగ్రామ్‌ రాయడంతో ఆపేయకుండా, అది ఎలా బిల్డ్‌ అవుతుందో చూపించాలి. ఈసారి ఎర్రర్‌ వస్తే విద్యార్థులూ కాపీ కొట్టే ముందు ఒక్క పని చేయండి. సిస్‌కాన్ఫిగ్‌ మాడ్యూల్‌ను పిలిచి, మీ పైథాన్‌ ఏ కంపైలర్‌ను గుర్తుపెట్టుకుందో అడగండి. అక్కడి నుంచి తీగ లాగితే డొంకంతా కదులుతుంది.