దొడ్డితలుపు వైభోగం

పాతకాలం మీద మనకుండే ప్రేమ చిత్రమైనది. తాతగారి పడక్కుర్చీ కావాలి. అందులో కూర్చుని ఆయన పెట్టిన చీవాట్లు అక్కరలేదు. బామ్మగారి ఇత్తడి బిందె ముందుగదిలో పూలకుండీ అవుతుంది; దాన్ని నూతి దగ్గరనుంచి మోసి మోసి ఆమె నడుము వంగిపోయిన సంగతి యెవరికీ గుర్తుండదు.

ఈ విద్యలో న్యూయార్కు నగరం మనకంటే నాలుగాకులు యెక్కువే చదివింది. అక్కడ కొన్ని పానశాలలకు బోర్డు వుండదు. 2007లో తెరిచిన ఒకదానికి దారి మరీ విడ్డూరం. సాసేజీ రొట్టెలు అమ్మే చిన్న అంగడిలోకి వెళ్లి, అక్కడి టెలిఫోను గూట్లో నిలబడి లోపలికి కబురు చేస్తే, గూటి గోడే తలుపై తెరుచుకుంటుంది. ఆ పానశాల పేరుకు అర్థం, 'దయచేసి యెవరితోనూ చెప్పకండి' అని. అలా చెప్పిన మాట యెంత వేగంగా పాకుతుందో నూతిగట్టు కబుర్లు యెరిగినవారికి నేను చెప్పాలా?

ఆ బాపతు చోటికే నా పూర్వవిద్యార్థి ఒకడు నన్ను తీసుకువెళ్లాడు. మసక దీపాలు, తోలు కుర్చీలు, 1920ల నాటి జాజ్ సంగీతం. వడ్డించే కుర్రవాడు వాస్కోటు తొడిగి, మంచుగడ్డను శిల్పిలా చెక్కుతున్నాడు.

"బతికితే ఆ రోజుల్లో బతకాలండీ, మాస్టారూ!" అని నిట్టూర్చాడు మావాడు.

"యే రోజుల్లోనోయ్?" అన్నాను, నా ఉత్త నిమ్మరసం పుచ్చుకుంటూ.

ఆ రోజులేమిటంటే, 1920 జనవరి 17 నుంచి 1933 డిసెంబరు 5 వరకు అమెరికాలో మద్యనిషేధం సాగిన రోజులు. చట్టం వీధితలుపు మూసింది, దొడ్డితలుపు తెరుచుకుంది. గొంతు తగ్గించి మాట్లాడవలసిన చోట్లు గనుక వాటికి 'స్పీకీజీ' అని పేరు.

52వ వీధిలో 1930లో వెలిసిన '21' వాటిలో పేరుమోసినది. దాని నేలమాళిగలో రెండున్నర టన్నుల తలుపు గోడలో కలిసిపోయి వుండేది. ఒక కన్నంలో సన్నని ఇనుపచువ్వ దూరిస్తే గాని తెరుచుకునేది కాదు. సరుకంతా ఆ తలుపు అవతల, పక్కింటి నేలమాళిగలో! పోలీసులు వచ్చి అడిగితే, 'ఈ యింట్లో మద్యం లేదు' అని నౌకర్లు నిజమే చెప్పేవారు. ద్రోణాచార్యులతో ధర్మరాజు చెప్పినంత నిజం. 2020లో ఆ హోటలు మూతపడింది.

మరి రెండున్నర టన్నుల తలుపు దాటే యోగ్యత లేనివాడి సంగతి? అతడు మందులషాపుకు వెళ్లి జమైకా అల్లం అరకు సీసా కొనుక్కునేవాడు. పేరుకు అది కడుపునొప్పి మందు. లోపల మద్యసారం దండిగా వుండేది. మందుగా తప్ప తాగడానికి పనికిరాకుండా అందులో అల్లం ఘాటు దట్టంగా వుండాలని ప్రభుత్వ నిబంధన. వ్యాపారులు ఘాటు తగ్గించి, పరీక్షకు దొరక్కుండా, వార్నిషుల్లో వాడే ఒక రసాయనం కలిపారు. 1930లో వేలమందికి కాళ్లు పడిపోయాయి. పాదం వేలాడిపోగా, దాన్ని యెత్తి నేలకు చరుస్తూ నడిచేవారు. ఆ నడక మీద ఆ యేడే గ్రామఫోను పాటలు కూడా వచ్చాయి. మేము కూర్చున్న చోట ఆ పాట మాత్రం వినిపించలేదు.

మావాడు గ్లాసు కింద పెట్టాడు. "అయితే ఇలాంటి చోటికి రాకూడదంటారా?"

నేననను. నిషేధానికి ముందు అక్కడి సారాకొట్లు చాలావరకు మగవారి రాజ్యమే. ఆడవారిని సాటిగా పక్కన కూర్చోబెట్టినవి ఈ చాటుగదులే. మంచిని మంచి అనవలసిందే. కాని ముచ్చటపడేవాడికి మొత్తం కథ తెలిసి వుండాలి.

తలుపులు మూసి తెరిచిన చరిత్ర మనకూ వుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. రేపు యెవరైనా హైదరాబాదులో ఆనాటి సారాకొట్టును ముచ్చటగా కట్టి, ప్యాకెట్లలో షర్బతు పోసి అమ్మవచ్చు. మన పిల్లలు వెళ్లి ఫోటోలు దిగవచ్చు. కూలిడబ్బులు ఇంటికి వస్తాయో రావోనని పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలి పటం ఆ గోడమీద వుంటుందా? ఆమెకోసం ఒక్క మేకు కొట్టి వుంచితే, దీపాలు యెంత మసకగా వున్నా నాకు అభ్యంతరం లేదు.