టీఎంసీలు సరే, సీసం లెక్క చెప్పేదెవరు?

కృష్ణా నీళ్ల మీద మనందరికీ కంఠతా వచ్చిన లెక్క ఒకటుంది. బచావత్ ట్రిబ్యునల్, 811 టీఎంసీలు. ఎవరి వాటా ఎంతో టీకొట్టు దగ్గర అడిగినా చెప్తారు. ఆ నీళ్లలో ఏం కలిసి వస్తోందో మాత్రం అడిగే నాథుడు లేడు.

హైదరాబాద్ మురుగు మోసుకొచ్చే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణే ప్రకాశం బ్యారేజీ దగ్గర కాల్వలుగా చీలి, బెజవాడ నడిబొడ్డు నుంచి డెల్టాకు పోతుంది. బుడమేరు పోయి కొల్లేట్లో పడుతుంది. ఎగువోడి మురుగే దిగువోడి మంచినీళ్లు!

2020 డిసెంబర్‌లో ఏలూరులో వందల మంది మూర్ఛలొచ్చి పడిపోయారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపారు. జనం పడిపోయాకే నీళ్ల పరీక్షలు గుర్తొచ్చాయి.

అధికారులు సీసాడు నీళ్లు పట్టుకెళ్లి 'పరిమితిలోనే ఉంది' అంటారు. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటరాదన్నది బీఐఎస్ ప్రమాణం. కానీ లోహం కుళ్లదు, చావదు. అడుగు బురదలో దాక్కుంటుంది. అక్కడ ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లను పట్టుకుని ఉంటుంది. మురుగు పెరిగి నీటిలో ఆక్సిజన్ అయిపోతే ఆ ఆక్సైడ్లు కరిగి లోహాన్ని వదిలేస్తాయి. అందులో కొంత సల్ఫైడ్‌గా మారి మళ్లీ బురదలో చిక్కుతుంది. వేసవిలో పూడిక తీసి గట్టున పోస్తే, గాలి తగిలి ఆ సల్ఫైడ్ కూడా విడిపోతుంది. వానకు కరిగి ఎటు పారితే అటు పోతుంది. పాదరసమైతే బురదలోని బాక్టీరియా చేతిలో మిథైల్ మెర్క్యురీగా మారి చేపలోకి, చేప నుంచి మనిషిలోకి ఎక్కుతుంది. 1956లో జపాన్‌లోని మినమాటా లోకానికి నేర్పిన పాఠం ఇదే.

అంటే ఎంత లోహం ఉందన్నది సగం ప్రశ్నే. అందులో ఒంటికి పట్టేదెంత అన్నదే అసలు ప్రశ్న.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్‌నగర్ ఇళ్లలోకి తెచ్చిన బురదను జనం చేతులతో ఎత్తిపోసుకున్నారు. అందులో ఏముందో తెలుసుకునే హక్కు వాళ్లకు లేదా?

కాల్వ పూడిక తీసేముందు బురదను పరీక్షించాలి. నీళ్లతో పాటు చేపనూ, కాల్వగట్టు ఆకుకూరనూ పరీక్షించాలి. ఫలితాలు తెలుగులో వార్డు వార్డునా గోడకు అంటించాలి. కెమిస్ట్రీ చదివే విద్యార్థులారా, 2005 సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. దరఖాస్తు పెట్టండి. కాలుష్య నియంత్రణ మండలి ఉద్యోగులారా, ఫైళ్లు తెరవండి. వాటా కోసం కొట్లాడేది తాగడానికే కదా, విషమైతే వాటా దేనికి?