చిన్న పిస్తోలు నమ్మకమా? అడిగిన అందరికీ ఒకటే జవాబు

రెండు నెలలుగా ఫోన్‌లో, సంతలో, చివరికి పెళ్లి పందిట్లో కూడా ఒకటే ప్రశ్న ఎదురవుతోంది. "అన్నా, జేబులో పట్టే చిన్న పిస్తోలు తీసుకుందామనుకుంటున్నా. ఏది నమ్మకంగా పనిచేస్తది?" అడిగేవాళ్లు రౌడీలు కాదు. దమ్మపేట, అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటలున్నవాళ్లు, జామాయిల్ కర్ర కొట్టించేవాళ్లు, ఖమ్మం యార్డుకి మిర్చి తోలి రాత్రిపూట అడవి దారిన ఇంటికొచ్చేవాళ్లు. భయం అబద్ధం కాదు. అందుకే మాట దాటెయ్యకుండా నాకు తెలిసినంత రాస్తున్నా. పొడుగైంది, ఓపికగా చదవండి.

నా దగ్గర తుపాకి లేదు, తీసుకునే ఆలోచన కూడా లేదు. కానీ లైసెన్సు ఉన్నవాళ్లు ముగ్గురు నాకు బాగా దగ్గర. పాతికేళ్లుగా వాళ్ల తుపాకుల మంచీ చెడూ చూస్తున్నా. కంపెనీల పేర్లు మనకొద్దు, జరిగింది చెప్తా.

మొదటాయన మాకు వరసకి బావ. వాళ్ల నాన్న నుంచి వచ్చిన విదేశీ పిస్తోలు. అరచేతిలో ఇమిడిపోతది, చూడముచ్చటగా ఉంటది. అది మొదటి గుండు కచ్చితంగా పేలుస్తది. రెండోది పేల్చొచ్చు, పేల్చకపోవచ్చు. ఖాళీ గుల్ల బయటికి పోకుండా మధ్యలో ఇరుక్కుంటది. మ్యాగజీన్ లోపలి స్ప్రింగు నీరసపడిందని తుపాకుల షాపులో చెప్పారు. కొత్తది ఎక్కడ దొరుకుద్ది? ప్రైవేటు మనుషులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం 1980లలోనే ఆగిపోయింది. అప్పటినుంచి పాతవే చేతులు మారుతున్నాయి, ధర లక్షల్లో పలుకుతోంది. అంత డబ్బు పోసినా విడిభాగం దొరకదు. బావ అంటాడు: "ఇది తుపాకి కాదురా, మా నాయన ఫొటో లాంటిది."

రెండో ఆయన మిలటరీలో చేసి వచ్చినాయన. ఆయనది .32 రివాల్వర్. మిషన్‌లో ఏ లోపమూ లేదు. కానీ నాలుగేళ్లు బీరువాలో తోలు సంచిలోనే పెట్టి ఉంచారు. మన వానాకాలం తేమ మీకు తెలుసుగా. తోలు తేమ పట్టి ఇనుముకి మచ్చలు వేసింది. తూటాల ఇత్తడి పచ్చబడింది. చూసి ఆయన అనుమానపడి, పాత తూటాలన్నీ పక్కనపెట్టి కొత్తవి తెచ్చుకున్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. తుప్పు పోవాలని తూటాల మీద నూనె స్ప్రే కొడతారట కొందరు. ఆ నూనె తూటా వెనకున్న టోపీలోకి దిగితే మందు అంటుకోదు. బాగు చేస్తున్నామనుకుని పాడు చేసుకోవడమే.

మూడోది భర్మార్ తుపాకి, గొట్టంలో మందు కూరేది. పంట కాపలా లైసెన్సు. మబ్బు పడితే మందు మెత్తబడి పేలదు, ఎండాకాలం బాగానే పేలుద్ది. పందులు చేలో పడేదేమో వానాకాలం. ఇక చూసుకోండి దాని నమ్మకం.

ఇప్పుడు చిన్న పిస్తోలు సంగతి. చిన్నదానికి తిప్పలెక్కువ ఎందుకు? ఆ మిలటరీ ఆయన చెప్పింది నాకర్థమైన మాటల్లో చెప్తా. పిస్తోలు పేలినప్పుడు పైభాగం, దాన్ని స్లైడ్ అంటారు, వెనక్కి జరిగి ఖాళీ గుల్లని విసిరేసి, ముందుకొస్తూ కింద మ్యాగజీన్ నుంచి కొత్త తూటాని పట్టుకుపోతది. ఇదంతా రెప్పపాటులో జరగాలి. పెద్ద పిస్తోల్లో స్లైడ్ పొడుగు, జరిగే దూరం ఎక్కువ, కాబట్టి తూటా పైకి లేవడానికి కాస్త టైం ఉంటది. చిన్నదాంట్లో దూరం తక్కువ, స్ప్రింగు గట్టిది, అన్నీ బిగువు. మ్యాగజీన్ స్ప్రింగు కొంచెం మెత్తబడ్డా, నూనె ఎండిపోయినా, జేబులో దూది దుమ్ము చేరినా లెక్క తప్పుతది. చివరికి మణికట్టు వదులుగా పట్టుకున్నా స్లైడ్ పూర్తిగా వెనక్కి పోక ఇరుక్కుంటది. తైవాన్ పంపు వాడినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. నాజిల్ ఎంత సన్నదైతే అంత చిన్న నలుసుకే మూసుకుపోతది.

రివాల్వర్‌లో ఈ గొడవ తక్కువ. ఒక తూటా పేలకపోతే ఇంకోసారి ట్రిగ్గర్ నొక్కితే పక్క తూటా వస్తది. కానీ ట్రిగ్గర్ గట్టిగా లాగాలి. అలవాటు లేని చేతికి గురి కదిలిపోతది.

మన దేశంలో ఏమున్నాయి అంటారా? లైసెన్సుదారు మామూలుగా కొనుక్కోగలిగేవి .32, .22 లాంటివి. పోలీసు, మిలటరీ వాడే 9 ఎంఎం మనకి నిషేధం. సర్కారు ఫ్యాక్టరీల నుంచి .32 రివాల్వర్ ఉంది, అశని అనే .32 పిస్తోలు ఉంది. నిర్భయ ఘటన తర్వాత ఆడవాళ్ల కోసమని 2014లో నిర్భీక్ అనే తేలికపాటి రివాల్వర్ తెచ్చారు. అర కిలో బరువు, ధర అప్పుడే లక్షా ఇరవై వేల పైన. 2021 అక్టోబరులో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టారు. వాటిలో తుపాకులు చేసే కాన్పూరు కంపెనీ 2023లో ప్రబల్ అనే రివాల్వర్ విడుదల చేసింది. కాబట్టి వస్తువు లేదని కాదు నేననేది.

అసలు చిక్కు వేరే ఉంది. తుపాకి నమ్మకమైందా కాదా తేలాలంటే కాల్చి చూడాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు చెప్తుంటారు, కొత్త పిస్తోలు కొన్నాక రేంజికి పోయి రెండు మూడు వందల తూటాలు కాల్చి, ఒక్కసారి కూడా ఇరుక్కోకపోతేనే నడుముకి పెట్టుకుంటారట. అంత చూసుకునే దేశంలోనే పేరున్న కంపెనీ సిగ్ సావర్ పి320 పిస్తోలు కింద పడితే పేలే వీలుందని 2017లో బయటపడింది. కంపెనీ దాన్ని మార్చి ఇచ్చే కార్యక్రమం పెట్టాల్సొచ్చింది. వేలమంది కాల్చబట్టే ఆ లోపం తెలిసింది. మరి మన దగ్గర? లైసెన్సు మీద రాసినన్ని తూటాలే ఇస్తారు. మా బావకి ఒకసారికి 25. అవి కాల్చి పరీక్ష చేస్తే అవసరానికి ఏముంటాయి? కాల్చడానికి మన ఊళ్ల దగ్గర రేంజి ఏది? చేలో కాలిస్తే కేసు. పెళ్లిళ్లలో, జాతరల్లో సరదాకి గాల్లో కాలిస్తే 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లేదంటే లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. అంటే మనం కొనేది ఒక్కసారి కూడా సరిగ్గా పరీక్షించని మిషన్. ట్రాక్టరైతే ట్రయల్ చూడకుండా కొంటామా?

ఇంకో సంగతి మన బార్డరోళ్లే గమనించాలి. లైసెన్సు ఎంతవరకు చెల్లుద్దో దాని మీదే రాసి ఉంటది. తెలంగాణ వరకే అని ఉంటే భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోవడం కూడా చిక్కే. 2014లో చుట్టూ ఊళ్లు ఆంధ్రాలో కలిశాయి, మధ్యలో ఎటపాక దాటాలి. నడుముకి తుపాకితో ఎటపాకలో చెక్‌పోస్టు దగ్గర దొరికితే మీరు దొంగ కాదని నిరూపించుకునేసరికి మిర్చి సీజన్ అయిపోద్ది. కుంట వైపు, చింతూరు వైపు పోయేవాళ్లకీ అంతే. ఎలక్షన్ కోడ్ వచ్చిందంటే స్టేషన్లో జమ చెయ్యమంటారు. పంచాయతీ, మండలం, అసెంబ్లీ, పార్లమెంటు, ఎన్ని ఎలక్షన్లో లెక్కేసుకోండి. అవసరం పడ్డ రోజు తుపాకి స్టేషన్ బీరువాలో ఉంటే దాని నమ్మకం ఎంత?

"2022లో ఏమైందో చూశావుగా, అన్నా" అంటారు కొందరు. చూశాను. నవంబరు 22న చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ఫారెస్ట్ రేంజి ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు గారిని పోడు తగాదాలో నరికి చంపారు. ఈ జిల్లా వాళ్లెవరూ మర్చిపోరు. ఆ తర్వాత అటవీ సిబ్బంది మాకు ఆయుధాలివ్వండని అడిగారు. ఆ అడగడంలో న్యాయం ఉంది. కానీ గమనించండి, యూనిఫాం వేసుకున్న మనిషికి ఆయుధమిస్తే దాని వెనక ట్రైనింగు ఉంటది, ఏటా ఫైరింగు ప్రాక్టీసు ఉంటది, తుపాకి బాగుచేసేవాడు ఉంటాడు, పక్కన ఇంకో ఇద్దరు మనుషులుంటారు. తుపాకిని నమ్మకంగా చేసేది ఆ ఏర్పాటంతా కలిసి. మనకి అవేవీ ఉండవు. ఒక్క ఇనుప ముక్క ఉంటది.

ఆ ఇనుప ముక్క ఇంట్లో ఉందన్న సంగతి నాలుగూళ్లకీ తెలుస్తది. మన ప్రాంతపు చరిత్ర చూడండి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీదికి వరసగా పోయింది తుపాకుల కోసమే. తెలంగాణ సాయుధ పోరాటంలో దొరల తుపాకులు అట్లాగే చేతులు మారాయి. దళాలు తిరిగిన రోజుల్లో లైసెన్సు తుపాకి ఉన్న ఇంటి తలుపే ముందు కొట్టేవాళ్లని మా పెద్దలు చెప్పేవాళ్లు. ఎవరిది మంచి, ఎవరిది చెడు అన్న చర్చ ఇక్కడ పెట్టట్లేదు. తుపాకి కావాల్సినవాడు తుపాకి ఉన్న ఇంటికే వస్తాడు, అంతే. బంగారం ఉన్న ఇంటికి తాళం అవసరమైనట్టు తుపాకి ఉన్న ఇంటికి కాపలా అవసరం. కాపలాకని తెచ్చినదానికి మనం కాపలా కాయాలి.

ఇక ఇంట్లో పిల్లలు. అమెరికాకి పోయిన ఖమ్మం జిల్లా కుర్రాడు ఒకడు 2023లో చేతిలో తుపాకి పేలి చనిపోయాడు. ఆ శవం కోసం తల్లిదండ్రులు ఎదురుచూసిన రోజులు పేపర్లో చదివాం. ఇట్లాంటి చోట మిషన్ ఫెయిలవ్వదు, అదే బాధ. ఇరుక్కోకూడని రోజు ఇరుక్కుంటది, పేలకూడని రోజు పేలుద్ది. తాగిన మనిషి, అప్పుల్లో మునిగిన మనిషి, అన్నదమ్ముల గట్టు తగాదా ఉన్న ఇల్లు, ఇవి లేని ఊరు చెప్పండి. రైతు ఇంట్లో పురుగుమందు డబ్బా చాలదా, పక్కన ఇది కూడానా?

పందుల బాధ కోసమైతే పిస్తోలు మాటే అనవసరం. చట్టంలోనే పంట కాపలాకి చెప్పింది గొట్టం మందు తుపాకి, పిస్తోలు కాదు. ఆ తుపాకి ఉన్నా అడవి జంతువుని అనుమతి లేకుండా కాల్చకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. కరెంటు తీగ అసలే వద్దు. పందికని పెట్టిన తీగకి పక్క చేను రైతు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. నలుగురు కలిసి సోలార్ కంచె వేసుకుంటే పిస్తోలు ఖర్చులో సగంతో అందరి చేలూ దక్కుతాయి. అడిగితే సర్కారుని సబ్సిడీ కంచె అడుగుదాం, పంట నష్టం డబ్బు టైముకి ఇవ్వమని అడుగుదాం.

మిర్చి డబ్బుతో రాత్రి దారి భయమా? అడ్తిదారుని బ్యాంకులో వెయ్యమనండి. వెయ్యనంటే ఆ అడ్తి మార్చండి. చేతిలో డబ్బు లేకపోతే పిస్తోలెందుకు? తప్పనిసరైతే ముగ్గురు కలిసి ఒక బండిలో రండి, పగలు రండి. ఇవి ఇరుక్కోవు, తుప్పు పట్టవు, ఎలక్షన్‌కి జమ చెయ్యక్కర్లేదు.

అన్నీ విన్నాక కూడా నిజంగా ప్రాణభయం ఉంది, కాగితం మీద చూపించగలను అనేవాళ్లు ఉంటారు. వాళ్లని ఆపను. అప్లికేషన్ పెట్టుకోండి, ట్రైనింగు సర్టిఫికెట్ దగ్గర దొంగదారి తొక్కకుండా నిజంగా నేర్చుకోండి. చిన్నదని మోజు పడకుండా రివాల్వర్ వైపు చూడండి. తోలు సంచిలో నిలవ పెట్టొద్దు, తూటాలకి నూనె తగలనివ్వొద్దు, తుపాకి ఒకచోట, తూటాలు ఒకచోట, రెండిటికీ తాళం. అంతకన్నా ముందు ఇంట్లో ఆడవాళ్లని అడగండి. వాళ్లు వద్దంటే అక్కడితో వదిలెయ్యండి.

ఒక చివరి మాట, ఇది చాలామందికి పనికొస్తది. తండ్రో తాతో పోయాక వాళ్ల లైసెన్సు తుపాకి అటక మీద పడి ఉన్న ఇళ్లు మన వైపు ఉన్నాయి. లైసెన్సు ఆయన పేరు మీదుంది, ఆయన లేడు, అంటే ఇప్పుడది మీ దగ్గర ఉండటమే నేరం. ఆలస్యం చెయ్యకుండా పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోండి. వారసుడిగా కావాలంటే తర్వాత అప్లై చేసుకోవచ్చు, వద్దంటే అక్కడితో పీడ పోద్ది. మీకు తెలిసిన ఇల్లు ఏదైనా ఉంటే ఈ నాలుగు ముక్కలు వాళ్లకి చదివి వినిపించండి. పేర్లు మాత్రం కింద రాయొద్దు.