వైద్యమహాసభలలో దేశీయ పరికరములు

హృద్రోగవైద్యులుగాని, నేత్రవైద్యులుగాని, ఎముకల శస్త్రవైద్యులుగాని ఏటేట మహాసభ జరుపుకొనునప్పుడు ఉపన్యాసశాల నానుకొని ప్రదర్శనశాల యొకటి వెలయుచుండును. విదేశీయ కంపెనీలు అచట విశాలమైన మండపములు కట్టి, కాఫీ లిచ్చి, తమ యంత్రములను చూపును. మన దేశపు చిన్న తయారీదారు మెట్లక్రింద నొక బల్ల వేసికొని కూర్చుండును. పెక్కుమంది ఆ బల్లయు వేయరు. అద్దె చెల్లించి ఆ సభకు పోవుటయా, ఆ ధనముతో ఇంకొక పరీక్ష చేయించుకొనుటయా యను ప్రశ్న విశాఖపట్టణమందును, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూరునందును వైద్యపరికరముల కర్మాగారములు పెట్టినవారిని బాధింపక మానదు.

పోవలసినదే యని మా అభిప్రాయము. కాని ఎప్పుడైనను, ఎట్లైనను పోవచ్చునని కాదు.

వైద్యపరికరమునకు మూల్యము చెల్లించువాడు రోగి. దానిని ఎన్నుకొనువాడు వైద్యుడు. ఇట్టి సరకులు కొన్నియే. శస్త్రవైద్యుడు తన చేయి ఏ పనిముట్టునకు అలవడినదో దానినే కోరును. ఇది దేశద్రోహము కాదు. బల్లమీద రోగి పరుండియుండగా క్రొత్త పనిముట్టుతో ప్రయోగము చేయుట కెవరును సాహసింపరు. కావున ఆ వస్తువు ఆపరేషను గదికి పోకముందే ఆయన చేతికి రావలెను. సామాన్యమైన ఆరోగ్యప్రదర్శనములకు వచ్చువారిలో ఏజెంట్లును, ఆసుపత్రుల కొనుగోలు ఉద్యోగులును అధికము. ఒక్క శాఖకు చెందిన వైద్యుల సభలో నైతే ఆ వస్తువును రేపు వాడదగిన చేతులే వందలకొలది కలవు. విశాఖపట్టణమున 270 ఎకరములలో వెలసి 2018 డిసెంబరులో ప్రారంభమైన మెడ్‌టెక్ జోను భూమిని, ప్రయోగశాలలను సమకూర్చెను. వైద్యుని నమ్మకమును అది సమకూర్పజాలదు.

ఆ నమ్మక మెట్లు కలుగునో తిరువనంతపురము చూపినది. శ్రీచిత్రా సంస్థలో డాక్టరు వలియత్తాన్‌గారును వారి సహచరులును కృత్రిమ హృదయకవాటమును నిర్మింప బూనినప్పుడు మొదటి మూడు నమూనాలును పనికిరాక పోయినవి. నాలుగవది 1990 డిసెంబరులో మొదటిసారి మనుష్యుని హృదయమున అమర్పబడెను. తరువాత పలు ఆసుపత్రులలో పరీక్షింపబడి, ఫలితములు వైద్యపత్రికలలో వెలువడినవి. నేటికి లక్షకు మించిన కవాటములు అమర్పబడినవి. ఆ మూడు నమూనాలలో ఏదో యొకదానిని తొందరపడి స్వదేశీ వస్తువని ఊరేగించియున్న యెడల నాలుగవదానిని ఎవరు ముట్టుకొనియుందురు? మధురలో 1992లో స్థాపితమైన ఆరోల్యాబు కంటిలో అమర్చు కటకములను స్వల్పమూల్యమునకే చేసి విదేశములకు సైతము పంపుచున్నది. దాని వెనుక అరవింద ఆసుపత్రిలోని వైద్యుల కన్నులును చేతులును ఉన్నవి.

కావున సాక్ష్యము చేతలేనివాడు ఒక యేడు ఆగుటయే లాభము. 2017 నాటి వైద్యపరికరముల నిబంధనలు అపాయమునుబట్టి పరికరములను నాలుగు తరగతులుగ విభజించినవి. స్టెంటులు, హృదయకవాటములు కడపటి తరగతిలోనివి. పరీక్షకును, ప్రదర్శనమునకును, శిక్షణకును మాత్రమే తయారుచేసికొనుటకు వేఱుగ లైసెన్సు కలదు. దానితో వస్తువును చూపవచ్చును, అమ్మరాదు. అమెరికాలోను కొన్ని తరగతుల పరికరములను అనుమతి రాకముందు చూపనిత్తురు గాని ఆర్డరులు తీసికొననీయరు. ఈ భేదమును మఱచి బేరమునకు దిగినవాడు ఒక్కనాటిలో పేరు పోగొట్టుకొనును. ఒక శాఖ వైద్యులందరు ఒకరి నొక రెఱిగినవారే; ఒకని పెదవివిరుపు మధ్యాహ్నభోజనమునాటికి సభ యంతయు పాకును. స్టాలులో మాటకారియైన ఏజెంటును గాక వస్తువును చేసిన ఇంజనీరునే నిలుపవలెను. వైద్యుని ప్రశ్న మూడవదానికి వచ్చునప్పటికి ఏజెంటు మందహాసమున కాశ్రయించును.

ఇక కానుకల మాట. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధమూల్య నిర్ణయసంస్థ మందుపూత స్టెంటు ధర 29,600 రూపాయలకు మించరాదని శాసించెను. అంతకుముందు దాని సగటు ధర లక్షా ఇరువదియొక వేలు. నడుమ నున్న ఆ సొమ్మంతయు లోహమునకు, మందుపూతకు అయిన ఖర్చని నమ్మువారు లేరు. 2024 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమావళి వైద్యులకు కానుకలను, వక్తలు గానివారికి సభాప్రయాణవ్యయమును నిషేధించినది. ఇది తమకు విఘ్నమని తలచు దేశీయ వ్యాపారులు పొరబడుచున్నారు. విందులలో విదేశీయ కంపెనీలతో పోటీపడుట వారి తరము కాదు. వస్తువునకు వస్తువు నెదుట నిలుపు పోటీలోనే వారికి గెలుపున కవకాశము.

వైద్యసంఘములకు ఒక మాట. అఖిలభారత నేత్రవైద్యసంఘము 1930లోను, హృద్రోగవైద్యసంఘము 1948లోను ఏర్పడినవి. ఇట్టి సంఘములు ప్రదర్శనశాలను అద్దె లెక్కతోనే పంచిపెట్టిన, మెట్లక్రింది బల్ల ఎన్నటికి ముందువరుసకు రాదు. పరీక్షాఫలితములు చూపగల చిన్న తయారీదారులకు కొన్ని స్థలములను స్వల్పపు అద్దెకు కేటాయించి, సభా కార్యక్రమములో ఒక గంట వారి వస్తువుల విమర్శకు విడువవలెను. తయారీదారులును నలుగురైదుగురు కలిసి ఒక స్టాలు తీసికొనవచ్చును. తిరిగివచ్చునప్పుడు ఆర్డరుల పుస్తకము ఖాళీగ నున్నను చింత లేదు. పిడి జారుచున్నదనియో, చప్పుడు హెచ్చుగ నున్నదనియో వైద్యులు చెప్పిన మాటలు వ్రాసికొన్న పుస్తకము నిండియున్న, వచ్చు సంవత్సరపు అద్దె దండుగ కాదు.